కొండవాలు మీద నుంచి నీలగిరి కట్టెలు దించడానికి ఏటీవీ, ట్రైలరు పనికొస్తాయా?

ప్రశ్న: నేను బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాను. బాగేపల్లి దగ్గర మా అమ్మమ్మగారి వైపు నుంచి వచ్చిన ఏడెకరాల చేను ఉంది. అందులో నాలుగెకరాలు గుట్ట వాలు. ఎప్పుడో నాటిన నీలగిరి మొదళ్ళు కొట్టినప్పుడల్లా మళ్ళీ చిగిర్చి తోపుగా నిలబడ్డాయి. వాటిని ఏటా కొంత చొప్పున కొట్టించి, శిడ్లఘట్టలో పట్టుదారం తీసే మా బావమరిదికి కొన్ని కట్టెలు ఇచ్చి, మిగిలినవి మా అవసరాలకు వాడుకోవాలని ఉంది. రాళ్ళూ వంకా అడ్డం కావడంతో పెద్ద ట్రాక్టరు పైదాకా రాదు. తలమోతకు మనుషులు దొరకడం లేదు. నంది హిల్స్ వైపు ఒక రిసార్టువారు 500 సీసీ ఏటీవీ (మోటారుసైకిలులా హ్యాండిలు పట్టి నడిపే, లావు టైర్ల నాలుగు చక్రాల చిన్న బండి) అమ్ముతున్నారనీ, అది 550 కిలోల ట్రైలరును లాగుతుందని దాని కాగితాల్లో ఉందనీ మా అబ్బాయి చెబుతున్నాడు. చేనిలో అర కిలోమీటరు వాలు దారి, ఆ తర్వాత ఊరికి కిలోమీటరున్నర తారు రోడ్డు. ఈ బండి కొనవచ్చా? ఎంత బరువు వేయవచ్చు? పదిహేనేళ్ళ మా మేనల్లుడు కూడా నడుపుతానని ఉత్సాహపడుతున్నాడు, నేర్పించవచ్చా?

సమాధానం: మీ చేనిలాంటి నేల మీద, ట్రాక్టరు తిరగలేని సందుల్లో, ఏటీవీ నిజంగానే ఉపయోగపడే బండి. అయితే మీరు అడిగిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది రెండోది, అంటే ఎంత బరువు వేయవచ్చన్నది. కాగితాల్లో ఉన్న 550 కిలోల అంకెను మీ గుట్టకు అన్వయించుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కనుక ముందు దాని గురించే వివరంగా రాస్తాను.

తయారీదారులు ఇచ్చే ఆ అంకె చదునైన గట్టి నేలకు చెప్పినది. అందులో కట్టెల బరువుతో పాటు ట్రైలరు సొంత బరువు కూడా కలిసి ఉంటుంది. ఇనుప చట్రంతో చేసిన చిన్న ట్రైలరే 100 నుంచి 150 కిలోలు తూగుతుంది కాబట్టి, చదును నేల మీద కూడా మీ కట్టెలకు మిగిలేది 400 నుంచి 450 కిలోలు మాత్రమే. పైగా ఆ బరువుతో వెళ్ళేటప్పుడు వేగం ఎంత ఉండాలో కూడా అదే పుస్తకాలు చెబుతాయి. ఈ తరహా బండ్లకు ఒక ప్రసిద్ధ సంస్థ ఇచ్చే సూచనల ప్రకారం, ట్రైలరు తగిలించినప్పుడు చదునైన గడ్డి నేల మీద గంటకు 16 కిలోమీటర్లు, ఎగుడుదిగుడు నేల మీద, మలుపుల్లో, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు 8 కిలోమీటర్లు దాటకూడదు. ఎనిమిది కిలోమీటర్లంటే మనిషి చురుగ్గా నడిచే వేగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

మీ విషయంలో ఇంకో సంగతి ఉంది. కట్టెలు పైన ఉన్నాయి, రోడ్డు కింద ఉంది. అంటే ఖాళీ ట్రైలరుతో ఎక్కి, నిండు ట్రైలరుతో దిగుతారు. ఎక్కడానికి ఇంజను బలం సరిపోతుంది కాబట్టి ఈ ఏర్పాటు సులువైనదని చాలామంది అనుకుంటారు. నిజానికి నిండు బరువుతో దిగడమే కష్టమైన పని, ఎందుకంటే ఈ చిన్న ట్రైలర్లకు సాధారణంగా బ్రేకులు ఉండవు. ట్రైలరు బరువునూ, బండి బరువునూ, నడిపే మనిషి బరువునూ కలిపి ఆపవలసింది ఏటీవీ నాలుగు టైర్లే. అందువల్ల ఇక్కడ చూడవలసింది బండి ఎంత లాగగలదన్నది కాదు, ఎంత ఆపగలదన్నది.

కాస్త లెక్క వేద్దాం. 500 సీసీ నాలుగు చక్రాల బండి దాదాపు 330 కిలోలు, మనిషి 70 కిలోలు, మొత్తం 400 అనుకోండి. ట్రైలరూ కట్టెలూ కలిపి 450 కిలోలు, అందులో 30 కిలోల బరువు ట్రైలరును ఏటీవీకి తగిలించే కొక్కెం మీద ఆని ఉందనుకోండి. దారి అయిదు అడుగులకు ఒక అడుగు దిగే వాలు అయితే, ఈ 850 కిలోల సముదాయాన్ని కిందికి లాగే బలం సుమారు 167 కిలోలు. గులకరాళ్ళు పరుచుకున్న పొడి నేల మీద టైరు పట్టు దాని మీద ఉన్న బరువులో పదింట నాలుగు వంతులనుకుంటే, ఏటీవీ టైర్లు పట్టి ఉంచగలిగిన బలం సుమారు 168 కిలోలు. రెండూ సమానమయ్యాయి. అంటే బ్రేకు పూర్తిగా నొక్కినా బండి వేగం తగ్గదు, ఉన్న వేగంతోనే దిగుతూ ఉంటుంది. ట్రైలరు చక్రాలకు నేల ఇచ్చే ఒరిపిడి కొద్దిగా సాయపడినా, ఒక చక్రం రాయి మీదెక్కి గాలిలోకి లేచినా, మలుపులో ట్రైలరు కాస్త పక్కకు నెట్టినా ఆ సాయం సరిపోదు. అప్పుడు వెనక ఉన్న ట్రైలరు ముందుకు తోసుకువచ్చి, ఏటీవీ వెనక భాగాన్ని ఒక పక్కకు నెట్టి, బండిని అడ్డం తిప్పేస్తుంది. వాలు మీద అడ్డం తిరిగిన ఏటీవీ బోల్తా పడటానికి క్షణం పట్టదు. అదే చోట వాన పడి ఎర్రమట్టి జారుడుగా ఉంటే టైరు పట్టు సగానికి పడిపోవచ్చు. ఆ స్థితిలో ఈ లెక్కకు అర్థమే ఉండదు.

ఇప్పుడు ట్రైలరు మొత్తం బరువును 300 కిలోలకు తగ్గించి, దారిని ఏడడుగులకు ఒక అడుగు దిగే వాలుకు మళ్ళించండి. కిందికి లాగే బలం 100 కిలోలకు దిగుతుంది, టైర్ల పట్టు మాత్రం ముందున్నంతే ఉంటుంది. ఆపడానికీ, మలుపు తిప్పడానికీ, రాయి అడ్డం వస్తే తట్టుకోవడానికీ కావలసిన మిగులు ఇక్కడ ఉంది. అందుకే మీకు నేను చెప్పే హద్దులు ఇవి. ఏ వాలు మీదైనా సరే, బ్రేకులు లేని ట్రైలరు మొత్తం బరువు ఏటీవీ సొంత బరువును మించకూడదు. ఏడుకు ఒకటి వాలు దాకా 300 కిలోలు, అంటే కట్టెలు 150 నుంచి 200 కిలోలు వేసుకోవచ్చు. అంతకు మించిన వాలు ఉన్న చోట నిండు ట్రైలరుతో దిగవద్దు. అక్కడి కట్టెలను మరో పద్ధతిలో దించుకోవాలి, అది తర్వాత చెబుతాను.

వాలు కొలవడం కష్టం కాదు. పది అడుగుల తిన్నని కర్రను దారి పొడుగునా పై చివర నేలకు ఆనించి, మేస్త్రీల రసమట్టం పెట్టి సమంగా పట్టుకుని, కింది చివర నుంచి నేలకు ఎంత ఎత్తుందో కొలవండి. పదడుగులకు అడుగు అయిదంగుళాల లోపు ఉంటే మీరు హద్దులో ఉన్నట్టే. కంటి అంచనాను మాత్రం నమ్మవద్దు. కింద నుంచి చూసినప్పుడు ఒకలాగా, పై నుంచి చూసినప్పుడు మరోలాగా కనిపించడం వాలుకు సహజం. దారి పొడవునా, ముఖ్యంగా వంక దాటే చోట రెండు పక్కలా కొలిచి కాగితం మీద రాసుకోండి.

రెండు వందల కిలోలే అయితే ఎన్ని తడవలు తిరగాలని మీకు దిగులు కలగవచ్చు. ఆ తడవలను తగ్గించే దారి కట్టెల తడి తీయడంలో ఉంది. అప్పుడే కొట్టిన నీలగిరి మాను ఘనపు మీటరుకు సుమారు ఒక టన్ను తూగుతుంది. పేర్చినప్పుడు మధ్యలో ఖాళీలు పోను ఘనపు మీటరు పేర్పుకు 600 కిలోలు రావచ్చు. అయిదు అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ట్రైలరు తొట్టెను పచ్చి కట్టెలతో నింపితే 440 కిలోలు దాటిపోతుంది. అదే కట్టెను బెరడు తీసి, రెండడుగుల ముక్కలు కోసి, లావు మొద్దులను చీల్చి, అడుగున రెండు వాసాలు వేసి నేల తగలకుండా పేర్చి, రెండు మూడు నెలలు గాలికి ఎండనిస్తే బరువులో నాలుగో వంతు, ఒక్కోసారి మూడో వంతు తగ్గిపోతుంది. మీరు మోసుకువచ్చేది కట్టెనే తప్ప నీళ్ళను కాదు. ఎండిన కట్టె బాగా మండుతుంది కాబట్టి మీ బావమరిదికీ అదే కావాలి. దారం తీసేటప్పుడు పట్టుకాయలు ఉడికే నీళ్ళు ఒకే వేడిలో ఉండాలి, పచ్చి కట్టెతో పొగ తప్ప వేడి నిలవదు.

కాలం కూడా దీనికి కలిసి వస్తుంది. మీ ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు గట్టిగా పడతాయి. అవి వెనకబట్టాక, డిసెంబరులో కొట్టించి వాలు మీదే పేర్చి వదిలేస్తే, మార్చి నాటికి కట్టె తేలికవుతుంది, నేల గట్టిపడుతుంది. మార్చి నుంచి మే నెల ముంగారు జల్లుల లోపు దించుకోవచ్చు. జల్లు పడిన రోజున, ఆ మర్నాడు కూడా, బండి తీయవద్దు. పేర్పుల్లో రక్తపింజరులు, తేళ్ళు చేరతాయి కనుక కట్టె ఎత్తే ముందు కర్రతో కదిలించడం, చేతులకు తోలు తొడుగులు, కాళ్ళకు బూట్లు వేసుకోవడం తప్పనిసరి.

బండి కొనే ముందు దారి వేయండి. ఏటీవీ ఎక్కడైనా తిరుగుతుందన్న మాట ఒంటరి బండికి కొంత నిజమే కానీ, ట్రైలరు తగిలించాక అది దారి మీద నడవవలసిన బండే. మీ గుట్టకు పక్కవాటుగా ఏటవాలు దారి వేస్తే వాలు తగ్గుతుంది. కానీ ఆ దారి అడ్డకొలతలో సమంగా గానీ, లోపలి వైపుకు, అంటే గుట్ట వైపుకు, కొద్దిగా వంగి గానీ ఉండాలి. బయటి వైపుకు వంగిన దారి మీద నిండు ట్రైలరు కింది చక్రం మీద వాలిపోతుంది. చదును చేయకుండా వాలుకు అడ్డంగా నడపడం ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. దారి వెడల్పు ఎనిమిది అడుగులు ఉంటే చాలు, మలుపుల దగ్గర మాత్రం పన్నెండు ఉండాలి, ఎందుకంటే ట్రైలరు చక్రాలు ఏటీవీ చక్రాల జాడలో నడవవు, మలుపు లోపలి వైపుకు కోసుకుని వస్తాయి. దారిలో ఉన్న నీలగిరి మొదళ్ళను నేలమట్టానికి కోయించండి, వీలైతే తవ్వించండి. గడ్డిలో దాగిన అరడుగు మొదలు ట్రైలరును ఒక్క తాకుడుతో పల్టీ కొట్టించగలదు. చిగుళ్ళు మళ్ళీ వస్తాయి కనుక ఏటా ఒకసారి దారిని చూసుకోక తప్పదు. వంక దగ్గర రెండు గట్లనూ తవ్వి వాలు తగ్గించి, అడుగున చదును రాళ్ళు పరిపించండి. నీరు దారి వెంట పరుగెత్తకుండా ముప్పై నలభై అడుగులకు ఒకచోట అడ్డంగా చిన్న మట్టికట్ట వేసి పక్కకు మళ్ళించకపోతే, ఒక్క వానాకాలంలో మీ దారే మరో వంక అవుతుంది. ఒక రోజు జేసీబీ, నలుగురు మనుషులు ఉంటే ఈ పని చాలావరకు అయిపోతుంది. నా అభిప్రాయంలో మీ డబ్బుకు అన్నిటికన్నా మంచి ఖర్చు ఇదే. ఈ దారి వేశాక కొన్నిచోట్ల ఏటీవీ అవసరమే లేదని తేలినా ఆశ్చర్యపోను.

ట్రైలరు గురించి. వెల్డింగ్ షాపులో చేయించుకునేట్టయితే మూడు విషయాలు పట్టుబట్టి చేయించండి. మొదటిది, లాగుడు కమ్మీ తన చుట్టూ తాను తిరిగే ఏర్పాటు. ట్రైలరు పల్టీ కొట్టినా ఆ మెలిక ఏటీవీకి చేరకుండా ఇది కాపాడుతుంది. రెండోది, తొట్టె ముందు బలమైన నిలువు పలక. వాలు దిగేటప్పుడు మొద్దులు ముందుకు జారితే అవి వచ్చి తగిలేది నడిపేవాడి వీపుకే. మూడోది, అటొక రెండు ఇటొక రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటిగా ఉండి, వాటిని కలిపే దూలం మధ్యలో ఇరుసు మీద తక్కెడలా ఊగే అమరిక. రాయి ఎక్కేటప్పుడు ఒక చక్రం లేస్తుంది, రెండోది నేల మీదే ఉంటుంది, తొట్టె కుదుపు సగం అవుతుంది. టైర్లు వెడల్పుగా, తొట్టె వీలైనంత కిందికి ఉండాలి. కొక్కెం తెగినా ట్రైలరు విడిపోకుండా గొలుసు ఒకటి అదనంగా తగిలించండి. సర్కారు తుమ్మ ముళ్ళు మీ వైపు దండిగా ఉంటాయి కనుక టైర్లలో పంక్చరు ద్రవం పోయించడం మంచిది. ఏటీవీ టైర్లలో గాలి చాలా తక్కువగా, 5 నుంచి 7 పౌండ్లు మాత్రమే ఉంటుంది. స్కూటరు టైరు అలవాటుతో 25 పౌండ్లు కొట్టిస్తే బండి రాళ్ళ మీద బంతిలా ఎగురుతుంది. మీ బండి మీద అతికించిన చీటీలో ఏ అంకె ఉంటే అదే పాటించండి.

కట్టెలు పేర్చేటప్పుడు బరువైన మొద్దులు అడుగున, ఇరుసుకు కొద్దిగా ముందుకు రావాలి. మొత్తం బరువులో దాదాపు పదో వంతు కొక్కెం మీద ఆనాలి. బరువు వెనక్కి పోతే కొక్కెం పైకి లేచి ఏటీవీ వెనక చక్రాల పట్టు పోతుంది. మరీ ముందుకు వస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. పక్క పలకల ఎత్తు దాటి ఒక్క కట్టె కూడా పేర్చవద్దు. లారీలకు వాడే బిగింపు బెల్టులు రెండు అడ్డంగా వేసి, వంద అడుగులు నడిపాక ఆగి మళ్ళీ బిగించండి, ఎందుకంటే కుదుపుకు కట్టెలు సర్దుకుని బెల్టు వదులవుతుంది.

దిగేటప్పుడు చేయవలసిన పని దిగడం మొదలు పెట్టక ముందే చేయాలి. వాలు అంచున పూర్తిగా ఆగి, గేరును ఎల్ అని రాసి ఉన్న తక్కువ గేరులో వేసి, నాలుగు చక్రాల డ్రైవు పెట్టి, ఆ తర్వాతే కదలాలి. ఈ బండ్లలో చాలావాటిలో ఇంజను బలం గేర్లకు ఒక రబ్బరు బెల్టు ద్వారా వెళుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా వదిలేసి వేగం బాగా తగ్గితే కొన్ని మోడళ్ళలో ఆ బెల్టు పట్టు వదిలేసి బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు జారుతుంది, ఇంజను నిరోధం పోతుంది. మీరు చూసే బండికి దిగుడులో ఇంజను పట్టు ఎలా ఉందో ఖాళీగా దింపి పరీక్షించకుండా కొనవద్దు. బ్రేకును కొద్దికొద్దిగా, తిన్నగా ఉన్న చోటే వాడాలి, మలుపులో గట్టిగా నొక్కకూడదు. ట్రైలరు పక్కకు నెడుతోందని అనిపించిన క్షణంలో బ్రేకు వదిలి, చాలా కొద్దిగా యాక్సిలరేటరు ఇచ్చి బండిని తిన్నగా లాగితే ట్రైలరు మళ్ళీ వెనక వరసలోకి వస్తుంది. భయంలో చేయి దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తుంది కనుక, దీన్ని చదును నేల మీద ఖాళీ ట్రైలరుతో అలవాటయ్యేదాకా సాధన చేయాలి.

ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే వెనక్కి దొర్లనివ్వవద్దు. బ్రేకు పట్టి, పార్కింగు బ్రేకు వేసి, వాలు పై వైపుకు దిగి, బండి చక్రాలకూ ట్రైలరు చక్రాలకూ వెనక రాళ్ళు అడ్డం పెట్టి, ఆ తర్వాత బరువు ఏమైనా ఉంటే దించాలి. ఈ పనికి రెండు చెక్క అడ్డాలు ఎప్పుడూ బండిలో ఉండటం మంచిది. బండి బోల్తా పడబోతుంటే దాన్ని ఆపాలని చూడవద్దు, బండి పోయినా ఫరవాలేదు, మనిషి పై వైపుకు తప్పుకోవాలి. ఎండాకాలంలో ఎండు నీలగిరి ఆకులు సైలెన్సరు చుట్టూ, ఇంజను అడుగున చేరి అంటుకుంటాయి. ప్రతి తడవా వాటిని దులిపి, బండిలో ఒక చిన్న మంటలార్పే సిలిండరు ఉంచుకోండి.

ఇక ఏడుకు ఒకటి కన్నా నిట్రమైన పై భాగం సంగతి. అక్కడికి బండిని తీసుకువెళ్ళకుండా, దారి మీద చదునుగా ఉన్న చోట నిలిపి, ముందు భాగంలో ఉండే వించితో, అంటే తీగను చుట్టుకుంటూ లాగే మరతో, దుంగలను ఒక్కొక్కటిగా దారి దాకా లాక్కోవచ్చు. బండి దుంగకు కింద, నేరుగా దాని వరసలో ఉండకూడదు, ఎందుకంటే జారిన దుంగ అక్కడికే వస్తుంది. దారి పక్కన ఒక బలమైన చెట్టుకు కప్పీ కట్టి, తీగను దాని మీదుగా మళ్ళించి లాగితే బండి పక్కకు ఉండవచ్చు. తీగ బిగుసుకున్నప్పుడు దాని చుట్టుపక్కల ఎవరూ నిలబడకూడదు. ట్రైలరు లేకుండా గొలుసుతో దుంగను ఈడ్చే సందర్భం వస్తే గొలుసును కింద ఉన్న కొక్కేనికే తగిలించాలి. సామాన్లు పెట్టే వెనక స్టాండుకు కట్టి లాగితే, దుంగ దేనికైనా అడ్డుకున్నప్పుడు బండి ముందు చక్రాలు లేచి నడిపేవాడి మీదికే వెనక్కి పడుతుంది. వీటన్నిటి కన్నా సులువైనది, నీలగిరి మరీ లావు కాదు కనుక, పైనే ముక్కలు కోయించి, దారి దాకా మనుషుల చేత దొర్లించడం. అరకిలోమీటరు తలమోతకు రాని మనిషి యాభై అడుగులు దొర్లించడానికి వస్తాడు.

మీ మేనల్లుడి విషయంలో నా సమాధానం సూటిగా చెబుతాను. నడపనివ్వవద్దు. 90 సీసీ దాటిన ఏటీవీలను 16 ఏళ్ళ లోపు పిల్లలు నడపకూడదని తయారీదారులే బండి మీద రాసి ఇస్తారు. ఈ బండిని అదుపు చేయడంలో నడిపేవారి శరీర బరువును అటూ ఇటూ మార్చడం కూడా ఒక భాగం, పిల్లలకు ఆ బరువూ, ఆ తూకమూ ఉండవు. పదహారు నిండినా ఖాళీ బండితో చదునులో నేర్చుకోవచ్చు గానీ, నిండు ట్రైలరుతో వాలు మీదికి ఏళ్ళ అనుభవం ఉన్న పెద్దవారే వెళ్ళాలి. ఏటీవీ మీద రెండో మనిషిని, ట్రైలరు మీద కూలీని ఎక్కించుకోవద్దు. దారిలో ఎదురైన ముసలాయనను కూర్చోబెట్టుకోవడం మన పల్లెల్లో మర్యాదే, ఈ బండి విషయంలో మాత్రం ఆ మర్యాద వద్దు. రైతులు ఈ బండ్లను విరివిగా వాడే ఆస్ట్రేలియాలో బోల్తా పడి బండి కింద నలిగిన మరణాలు ఎంతగా కలవరపెట్టాయంటే, 2019లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక భద్రతా ప్రమాణం తెచ్చి, 2021 అక్టోబరు 11 నుంచి అమ్మే కొత్త పని బండ్లన్నిటికీ నడిపేవారిని కాపాడే చట్రం ఉండాలని నిర్బంధించింది. మీరు ఏ బండి కొన్నా అలాంటి చట్రాన్ని వెనక బిగించుకోండి, హెల్మెటు లేకుండా తాళం తిప్పవద్దు.

తారు రోడ్డు మీద కిలోమీటరున్నర ఏటీవీతో వెళ్ళే ఆలోచన మానుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి బహిరంగ రోడ్డు మీదికి రాకూడదు. రిసార్టుల్లో తిరిగే ఏటీవీలు సాధారణంగా రిజిస్టరు కానివే. 2019లో పోలారిస్ సంస్థ తన 570 సీసీ బండిని ట్రాక్టరు కోవలో రోడ్డుకు పనికొచ్చే రూపంలో తెచ్చిన మాట నిజమే, అయినా మీకు అమ్మజూపుతున్నది అలాంటిదని కాగితం చూపిస్తే తప్ప నమ్మవద్దు. చట్టం సంగతి అలా ఉంచి, తక్కువ గాలితో మెత్తగా ఉండే ఆ టైర్లు తారు మీద మలుపుల్లో బండిని బోల్తా కొట్టిస్తాయి. చేను గేటు లోపల ఒక చదును స్థలంలో కట్టెలు దించి, వారానికోసారి ఊరి ట్రాక్టరు ట్రాలీకి ఎత్తిస్తే సరిపోతుంది. కట్టెలు ఊరు దాటించే ముందు మీ అటవీ రేంజి కార్యాలయంలో ఒకమాట అడగండి. నీలగిరి కొట్టడానికి 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం కింద అనుమతి అక్కరలేదు గానీ, గట్ల మీది చింత, వేప, కానుగ మాన్ల జోలికి వెళ్ళే ముందు మాత్రం అనుమతి కావాలేమో అక్కడే అడిగి తెలుసుకోవాలి.

రిసార్టు బండి గురించి నాకు అనుమానాలు ఉన్నాయి. సరదా సవారీలకు వాడే బండ్లలో చాలావాటికి వెనక చక్రాలకే డ్రైవు ఉంటుంది, తక్కువ గేరు ఉండదు, కొక్కెం బిగించే పలక ఉండదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ఎంత చవకగా వచ్చినా, మీ పనికి అది పనికిరాదు. మూడూ ఉంటే, వెనక కొక్కెం దగ్గర చట్రానికి పగుళ్ళు, వెల్డింగు అతుకులు ఉన్నాయేమో, చక్రాల దగ్గర రబ్బరు తొడుగులు చిరిగి గ్రీజు కారుతోందేమో, చక్రాన్ని పైకెత్తి ఊపితే బేరింగు ఆడుతోందేమో చూడండి. బెల్టు ఉన్న పెట్టె మూత విప్పించి చూడటానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే అక్కడితో బేరం ఆపేయండి. కాలిన బెల్టు వాసన అరగంట బరువుతో నడిపాకే బయటపడుతుంది కనుక, పరీక్షకు ట్రైలరు తగిలించి నడపనిమ్మని అడగండి. విడిభాగాలు బెంగళూరులో దొరుకుతాయో లేదో, ఆ మోడల్ పేరు చెప్పి ముందే విచారించుకోవాలి.

ఒక్క నాలుగెకరాల తోపు కోసమే అయితే నేను కొనమనను. బెంగళూరు వీఎస్‌టీ వంటి సంస్థలు చేసే 13 హార్స్‌పవర్ పవర్ టిల్లర్, దాని ట్రైలరు మీ తాలూకాలో అద్దెకు దొరికితే, కొత్తగా వేసిన దారి మీద ఏటీవీకి రెట్టింపు కట్టెలు దించవచ్చు, ఎందుకంటే దాని ట్రైలరుకు సొంత బ్రేకు ఉంటుంది. అయితే దాని దిగుడుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. నిట్రమైన వాలులో బరువు బండిని తోస్తున్నప్పుడు ఎడమ స్టీరింగు క్లచ్చి నొక్కితే బండి కుడికి తిరుగుతుంది, కుడిది నొక్కితే ఎడమకు. అందుకని ఆ బండితో పుట్టి పెరిగిన డ్రైవరునే పెట్టుకోండి. మీ ఊళ్ళో ఇంకా హళ్ళికార్ ఎడ్ల జత ఉన్నవారు ఎవరైనా ఉంటే వంక దగ్గరి ఇరుకు సందుకు వారే తగినవారు.

ఈ డిసెంబరులో ఒక ఎకరం కొట్టించి, దారి వేయించి, మార్చిలో టిల్లరు అద్దెకు తీసుకుని దించి చూడండి. ఎక్కడెక్కడ టిల్లరు వెళ్ళలేకపోయిందో, అక్కడి వాలు ఎంతో మీ కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఆ చోట్లు ఎక్కువగా ఉండి, కంచె పనులకూ మామిడి మొక్కలకు నీళ్ళు తోలడానికీ కూడా ఏడాది పొడవునా బండి అవసరమని తేలితే, అప్పుడు తక్కువ గేరు, నాలుగు చక్రాల డ్రైవు, కొక్కెం పలక ఉన్న ఏటీవీని వెతుక్కోండి. రిసార్టువారి బండి అప్పటిదాకా ఉంటుందా అని ఆతురత వద్దు, అలాంటివి ఏటా అమ్మకానికి వస్తూనే ఉంటాయి.